మొదటి వరసలో మూడక్షరాలు

దుర్గాశ్రీకి ఈ లోకంలో తనదంటూ మిగిలింది మూడక్షరాలు. డి, ఎస్, ఆర్. అవైనా ఎక్కడ? ఓ పాత హార్డ్ డిస్కులో, కార్ల పందెం ఆటలో, స్కోర్ల పట్టీ మొదటి వరసలో. దాని కింద రెండో వరసలో యు.బి.కె. అంటే ఉదయభాస్కర్, ఆవిడ మొగుడు.

పాతికేళ్ళ కిందట రావులపాలెం కంప్యూటర్ సెంటర్లో ఆవిడ పాఠాలు చెప్పేది, ఆయన నేర్చుకునేవాడు. ఖాళీ దొరికితే అందరూ ఆ ఆట మీదే పడేవారు. ఆయన ఎంత కిందా మీదా పడినా ఆవిడ స్కోరు దాటలేకపోయాడు. పెళ్ళైతే చేసుకున్నాడు, ఉద్యోగమూ మాన్పించాడు గానీ, ఆ రెండో వరస మాత్రం మింగుడుపడలేదు మహానుభావుడికి. పైగా సెంటర్లో మిషన్లు బాగుచేసే రాజేంద్ర గురించి ఆరాలు తీసి తీసి ఆవిణ్ణి ఏడిపించాడు. వాళ్ళ మధ్య ఏమీ లేదని నమ్మడానికి ఆయనకి పదేళ్ళు పట్టింది.

కిందటేడు సెంటరు పాత సామాన్లలో ఆ డిస్కు దొరికింది. ఇక చూడాలి ఆయన హడావిడి! అరటిగెలల వ్యాపారం గుమాస్తాకి వదిలేసి, రాజమండ్రి పాతసామాన్ల కొట్లన్నీ గాలించాడు. ఆ కాలపు 486 కంప్యూటర్ బోర్డు, లావుపాటి మానిటరు, క్రీమ్ రంగు డబ్బా తెచ్చాడు. ప్రాసెసరు మీద కొత్త పేస్టు రాసి, ఫ్యాను మార్చి, బోర్డు మీది జంపర్ పిన్నులు పీకి పెట్టి, పెట్టి పీకి, సెంటరు మిషన్ల కంటే వేగం పెంచాడు. ముందువైపు టర్బో బటన్ ఒకటి. నొక్కితే 66 అని అంకె వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే 8. మిషను ఎంత వేగంగా పరిగెడితే ఆ పాత ఆటా అంతే వేగంగా పరిగెడుతుంది.

దుర్గాశ్రీ పిచ్చిది, ఇదంతా తన పేరు మళ్ళీ చూపించడానికే అనుకుంది. ఏడాదిపాటు ఆయన మిషను పెట్టుకున్న గదికి కాఫీలు మోసింది.

మొన్న ఆదివారం పొద్దున్నే రమేష్ బాబుని, ఇంకో ఇద్దరు స్నేహితుల్ని పిలిచి ఆయన ఆటకి కూర్చున్నాడు. కాఫీ తెచ్చిన దుర్గాశ్రీ అంకె చూసింది. 8. తెరమీద కార్లు ఎడ్లబళ్ళలా నడుస్తున్నాయి. సెంటర్లో ఈ ఆట ఇంత నెమ్మదిగా ఏనాడూ నడవలేదు. ముప్పావుగంట అలా ఈడ్చి ఆవిడ స్కోరు దాటేశాడు. యు.బి.కె. పైకెక్కింది. స్నేహితులు చప్పట్లు కొట్టారు.

"రండి మేడంగారూ, మీ ప్రతాపం కూడా చూపించండి," అన్నాడు.

వద్దనుకుంటూనే, చేతులు కొంగుకి తుడుచుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకి మళ్ళీ ఆ కీబోర్డు! ఆయన వైరు సర్దుతున్నట్టు వంగి బటన్ నొక్కాడు. 66. మూడు సెకన్లలో కారు గోడకి కొట్టుకుంది. మళ్ళీ ఆడింది, మళ్ళీ అంతే. రమేష్ బాబు పగలబడి నవ్వాడు.

"మీరు బటన్ నొక్కారండీ."

"ఓడిపోయి బటన్ మీదకి తోస్తావేంటి? నిజం చెప్పు, ఆ రోజుల్లో ఆ స్కోరు నువ్వే కొట్టావా, ఎవరైనా కొట్టిపెట్టారా?"

దుర్గాశ్రీ లేచి, గ్లాసులు ట్రేలో సర్దుకుంది.

"మీరన్నదే నిజమండి. నాకెక్కడొస్తుంది? రాజేంద్రగారు కొట్టిపెట్టారు. సెంటరు మూసేశాక, సాయంత్రాలు, నా పక్కన కూర్చుని."

రమేష్ బాబు చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"మరి... నీ పేరెందుకు పెట్టాడే?" అడిగాడు ఉదయభాస్కర్.

"ఇష్టం కొద్దీనండి," అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతా అబద్ధం. రాజేంద్రకి ఆ ఆటే చేతకాదు. ఓ మధ్యాహ్నం, ఒక్కతీ కూర్చుని, దుర్గాశ్రీయే కొట్టింది ఆ స్కోరు. తనదంటూ ఉన్న ఆ ఒక్కదాన్నీ ఇప్పుడు తన నోటితోనే ఇంకొకరికి ఇచ్చేసింది. కుళాయి తిప్పి, గ్లాసులు కడుగుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి పదేళ్ళు కాదు, చచ్చేదాకా అడుగుతూనే ఉంటాడు ఆయన. అడగనీ, అనుకుంది.