పెరగని గౌను

దర్జీ ఆవిడ పొద్దున మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. బడి పిల్లల యూనిఫాంలన్నీ ఆవిడ చేతివే. ఒకసారి కుట్టిస్తే చదువయ్యేదాకా ఇంకోటి అక్కర్లేదు. పిల్లల కంటే అంగుళం ముందే ఆ గౌన్లూ లాగూలూ వాటంతటవే పెరిగేవి. గుండీలు ఊడితే మాత్రం తల్లులు పోట్లాటకు వచ్చేవాళ్లు.

అలాంటిది సొంత కూతురి గౌను రెండేళ్లుగా వేలెడు కూడా పెరగలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఏడేళ్లప్పటి గౌను చక్కగా సరిపోతోంది. అదే తంటా. ఆవిడకు దారం మీద అనుమానం వచ్చింది. దారం మార్చింది, సూది మార్చింది, నాలుగుసార్లు విప్పి కుట్టింది. అందరి పిల్లలకూ కుదిరిన చెయ్యి సొంత బిడ్డ దగ్గర ఎందుకు మొరాయించిందో బుర్రకెక్కలేదు. కోపమొచ్చింది, కోపం చాలక ఏడుపొచ్చింది.

తన కొడుకు లాగూకి గుండీ కుట్టించుకోవడానికి బడి నర్సు వస్తే, దర్జీ ఆవిడ మొహమాటం వదిలి కూతురి గౌను ఆమె చేతిలో పెట్టింది.

"దీనికేం రోగమో చూడండమ్మా. కుట్టు ఎక్కడో బిగుసుకున్నట్టుంది."

నర్సు తిరగేసి చూసింది. "కుట్టు లక్షణంగా ఉంది. తొడుక్కునేదాన్ని పిలవండి."

పిల్ల వచ్చింది. మోకాలి మీద దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది.

"ఎప్పటిదే ఈ దెబ్బ?"

"పోయిన నెలది."

"రోజూ ఏం తింటావు?"

"టీలో బ్రెడ్డు. ఏది తిన్నా ఒకటే రుచి."

నర్సు మాట విని డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. ఒంట్లో జింకు తక్కువని తేలింది.

"జింకా? రేకులకు పూసేది కదండీ అది?" అంది దర్జీ ఆవిడ అయోమయంగా.

"పిసరంత మన ఒంటికీ కావాలి," అంది నర్సు. "అది చాలకపోతే ఎదుగుదల ఆగుతుంది, నాలుకకు రుచి పోతుంది, పుండు మానదు. డాక్టరు రాసిన మాత్రలు వెయ్యండి. గుడ్డు, మాంసం, పప్పులు, గింజలు పెట్టండి."

రెండేళ్లు గౌనునే నిలదీసింది గానీ, పిల్లను ఒక్కమాట అడగలేదు. ఆ సిగ్గుతో ఆవిడ రెండు రోజులు మిషను ముట్టుకోలేదు.

మొదటి నెల ఏ తేడా కనబడలేదు. రెండో నెలలో కూతురు ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"అమ్మా, కూరలో ఉప్పెక్కువైంది."

తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు. మళ్లీ వడ్డించింది.

మూడో నెలలో ఒక పొద్దున గౌను మోకాళ్లు దాటి కిందికి దిగింది, భుజాల దగ్గర వదులైంది. లోపల పిల్ల మాత్రం నిన్నటంతే ఉంది.

"జారిపోతోందమ్మా, అందరూ నవ్వుతారు. కాస్త మడిచి కుట్టవూ."

ఆవిడ అలవాటుగా సూది అందుకుంది. కూతురి వంకా గౌను వంకా చాలాసేపు చూసి, సూది పక్కన పెట్టేసింది.

"కుట్టను. నువ్వే అందుకుంటావులే."