ప్రభుత్వం కొట్టుకుపోయిన రోజు

మా దేశపు రాజధాని ఒక ఇనప్పెట్టెలో ఉంటుంది. జెండా, రాజముద్ర, ఒక టైపు మిషను, సభ మొదలైందని కొట్టే చిన్న చెక్క డోలు. అంతే. ఉన్నవి మూడు దీవులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే ఓడలో ఒక పగలూ ఒక రాత్రీ కక్కుకుంటూ పోవాలి. రాజధాని మాదంటే మాదని కొట్టుకోకుండా పెద్దలు వంతులు పెట్టారు. ఏడాదికొక దీవి. పెట్టె ఎక్కడ దిగితే ఆ ఏడు అదే రాజధాని, ఆ దీవి పెద్దే మూడింటికీ ‘ఉలు’. ఉలు అంటే తల.

నేను చెప్పే ఏడు పెట్టె మా నుకుమాలీలో దిగింది. తల మా లీనో బావ. అంటే మా అక్క మాతివా మొగుడు. అప్పటికింకా మాకు టెలిఫోను రాలేదు.

లీనో బావ సన్నగా, మెత్తగా ఉండే మనిషి. ఎవరేమడిగినా “చూద్దాం” అనేవాడు. మా అక్క అలా కాదు. ఆవిడ నవ్విందంటే పగడపు దిబ్బ మీద పీతలు వెతుక్కునే పందులు కూడా తలెత్తి చూసేవి. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద.

“ఆ ‘చూద్దాం’ అన్న మాటే లేకపోతే మా ఆయన మూగవాడయ్యుండేవాడే సెలెపా,” అనేది నాతో.

ఆ చూద్దాం వెనక ఒక కథ ఉంది. మా సభాశాలకి గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన తాటాకు లాంటి మొగలాకు కప్పు. మగవాళ్ళు లోపల చాపల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే మేం బయట వంటలు చేస్తూ అన్నీ వినేవాళ్ళం. వినొచ్చు, నోరెత్తకూడదు. లోపల మాకూ ఒక చాప వెయ్యమని మూడేళ్ళుగా అడుగుతున్నాం. మొదట ఫలేహౌ దీవిలో అడిగితే, “వచ్చే ఏడు అతులోవా వంతు కదా, అక్కడ తేల్చుకోండి” అన్నారు. అతులోవాలో అడిగితే నుకుమాలీ వంతు వచ్చాక చూడమన్నారు. తీరా మా వంతు వచ్చి, మా సొంత బావే తలయ్యాక, ఆయన గొంతు సవరించుకుని, “వచ్చే ఏడు ఫలేహౌలో సభ బాగా జరుగుతుందని విన్నాను...” అన్నాడు. ఆ పూట మా అక్క ఆయనకి ఉప్పు లేని చేప పెట్టింది.

సభ ముగిసిన మర్నాడు మూడు దీవుల పెద్దలూ, సభ్యులూ కలిసి పగడపు దిబ్బ లోపలుండే మడుగుకి అవతల ఉన్న లంకలో విందు చేసుకుందామనుకున్నారు. వాళ్ళకి చేపలు పట్టి కాల్చి పెట్టడానికి కుర్రకారంతా వెంట బయల్దేరారు. అందర్నీ మా ఊరి పంటు, అంటే బల్లపరుపు మోటారు పడవ, ఎక్కించుకుంది. ఓడ వచ్చినప్పుడు సరుకు దింపే పంటు అదే, నడిపేవాడు మా ఆయన తోవియో. ప్రభుత్వమంతా కొబ్బరాకు టోపీలు పెట్టుకుని, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసుకుని, పెళ్ళికి పోతున్నట్టు పోయింది.

కాసేపటికి ఒడ్డున గిన్నెలు తోముతున్న మా అక్క నడుం నిలబెట్టి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి చూసింది.

“సెలెపా, మీ ఆయన పంటుని అడ్డంగా నడుపుతున్నాడేమే?”

చూద్దును కదా, మడుగు మధ్యలో పంటు పక్కకి జరుగుతూ పోతోంది. ఇంజను చప్పుడు లేదు. గాలి మాత్రం వాళ్ళని దక్షిణపు కొసన ఉన్న పక్షుల లంక వైపు మెల్లగా తోస్తోంది. ఆ గాలిలోనే పాట వినపడింది. చర్చి పాట.

“దేవుణ్ణి తలుచుకుంటున్నారంటే డీజిలు అయిపోయిందన్నమాట,” అంది అక్క. అని నవ్వడం మొదలెట్టింది. ఆవిణ్ణి చూసి నేను, నన్ను చూసి పక్కింటావిడ, గిన్నెలన్నీ నీళ్ళలో వదిలేసి ఒడ్డంతా పడీ పడీ నవ్వాం. మడుగులో ఎవరూ మునిగిపోరు. చుట్టూ దిబ్బ కాపలా కాస్తుంది. మహా అయితే ఒక లంకకి తగులుకుంటారు. పోనీ పోయి తెద్దామంటే ఊళ్ళో డీజిలు అడుగంటి చాలా రోజులైంది. ఉన్న చుక్కలు పంటులోనే పోశారు. కొత్తది ఓడలో రావాలి.

సరిగ్గా అప్పుడు బయటి సముద్రం నుంచి ఓడ కూత వేసింది.

రేపు రావలసిన ఓడ ఇవాళే వచ్చింది. వచ్చి, దిబ్బ బయట అలల మీద ఊగుతూ నిలబడింది. మాకు రేవు లేదు. పంటు వెళితే గానీ సరుకు దిగదు. పంటేమో ప్రభుత్వాన్ని ఎక్కించుకుని పక్షుల దగ్గరికి పోయింది.

“ముందు మనవాళ్ళ సంగతి చూద్దామా అక్కా?” అన్నాను.

“ప్రభుత్వం ఎక్కడికీ పోదే. ఓడ పోతుంది,” అంది అక్క. “పడవలు తియ్యండి!”

మిగిలినవి రెండు అల్యూమినియం పడవలు. వాటి ట్యాంకుల్లో కాస్త పెట్రోలుంది. ఒకదాని మోటారు అక్క పట్టుకుంది, ఇంకోదానిది నేను. దిబ్బలోని గండి దాటి ఓడ పక్కకి చేరేసరికి కెప్టెను పైనుంచి వంగి అరిచాడు. ఆయనది ఆపియా పట్నం, గొంతు పెద్దది.

“పంటేదమ్మా? మగాళ్ళేరి?”

“విందుకి పోయారు! బస్తాలు దింపు!”

“మధ్యాహ్నం అలలు లేస్తాయి. అప్పటిదాకే ఉంటాను, తరవాత నా దారి నాదే!”

“కబుర్లు ఆపి తాడు వదలవయ్యా, ఇప్పటికే అరగంట తినేశావు!”

బియ్యం బస్తాలు దిగాయి. పిండి బస్తాలు, టిన్ను మాంసం పెట్టెలు, పాస్టరుగారి కుట్టు మిషను దిగాయి. బస్తాల తరవాత ఒక మనిషి దిగాడు. దూరాన ఉన్న వెల్లింగ్టన్ సర్కారు పంపిన కుర్ర అధికారి. చేతిలో తోలు సంచీ, మొహం పచ్చి అరటికాయ రంగు. నిచ్చెన కొసన నిలబడి పడవలోకి దూకాలా వద్దా అని చూస్తున్నాడు. పడవ పైకి లేచినప్పుడు దూకాలి. ఆయనేమో అది కిందికి దిగిపోతున్నప్పుడు దూకాడు. అక్క ఒక చేత్తో మోటారు పట్టుకుని, రెండో చేత్తో ఆయన నడుం చుట్టేసి, బిడ్డని చంకనేసుకున్నట్టు పడవలో వేసింది.

“పేరేంటి బాబూ?”

“ప్రెంటిస్.”

మా నోటికి ఆ పేరు తిరగలేదు. అక్కడికక్కడే ‘పెలెనీ’ అయిపోయాడు.

“నేను ఉలు గారిని కలవాలి,” అన్నాడు పెలెనీ. వెల్లింగ్టన్‌లో నేర్చుకున్నాడట, మా భాష వచ్చు, కాకపోతే చర్చిలో చదువుతున్నట్టు మాట్లాడతాడు. “మీ ప్రభుత్వం ఎట్లు నడుచుచున్నదో చూచుటకు వచ్చితిని.”

“నడవట్లేదు బాబూ, తేలుతోంది,” అంది అక్క. “ఈ బస్తా ఆ పక్కకి జరుపు.”

ఆయన జరిపాడు. ఆ తరవాత ఎన్ని జరిపాడో ఆయనకే తెలియాలి. రెండో దఫాకి కోటు పోయింది. మూడో దఫాకి బూట్లు పోయాయి. అలా పోయి ఇలా వస్తూ మా పాటలకి ఊపు కూడా పట్టుకున్నాడు. ఒడ్డున ముసలాళ్ళూ పిల్లలూ వరస కట్టి చేతికి చెయ్యి అందిస్తుంటే బస్తాలు వాటంతటవే నడిచి గోడౌన్లోకి పోతున్నట్టుంది. డీజిలు పీపాలు పడవలో పట్టవు. వాటిని సముద్రంలోకే దొర్లించి, అవి తేలుతుంటే మా పిన్నులూ అత్తలూ ఈదుకుంటూ, తోసుకుంటూ గండిలోంచి తెచ్చారు. ఒక పీపా తప్పించుకుని పోబోతే వెయ్యి బూతులు తిట్టి వెనక్కి మళ్ళించారు. పాస్టరుగారు చెవులు మూసుకోవలసింది పోయి చప్పట్లు కొట్టారు.

కెప్టెను కూత వేసి వెళ్ళిపోయేసరికి ఆఖరి బస్తా మీద మా అక్క కూర్చుని ఉంది. లేత కొబ్బరికాయ ఒకటి తను తాగి, ఒకటి పెలెనీ చేతిలో పెట్టింది.

“ఇప్పుడు పద, నీకు ప్రభుత్వాన్ని చూపిస్తాను.”

రెండు పడవల్లో పట్టినంత మందిమి ఎక్కాం. అక్క కాళ్ళ దగ్గర ఒక పెద్ద డబ్బా నిండా డీజిలు. పక్షుల లంక దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. లంక ఒడ్డున పంటు ఏటవాలుగా ఇసకలో కూరుకుంది. చెట్టు కింద ప్రభుత్వం గుండ్రంగా కూర్చుని ఉంది. మధ్యలో కాల్చిన పీతల డొప్పల గుట్ట. పైనున్న పక్షులు అందరి టోపీల మీదా తమ అభిప్రాయం తెలియజేశాయి. అయినా లీనో బావ నిలబడి ఏదో చెబుతూనే ఉన్నాడు.

తరవాత తెలిసింది, డీజిలు ఎవరు చూసుకోవలసిందని పొద్దున్నించీ చర్చట. దానికొక ఉపసంఘం కూడా వేశారట.

మా ఆయన టోపీ మొహం మీదికి లాక్కుని పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, “నాదేం తప్పు లేదే సెలెపా, నేను ముందే అడిగాను...” అన్నాడు.

“నువ్వు పడుకో. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం,” అన్నాను.

లీనో బావ నీళ్ళలోకి రెండడుగులు వేసి చేతులు చాచాడు. “వచ్చావా మాతివా! డబ్బా ఇటందించు.”

అక్క మోటారు ఆపి, డబ్బా నిలబెట్టి, దాని మీద కూర్చుంది.

“సభ జరుగుతోందా అయ్యా?”

“సభేంటి ఇక్కడ! విందు.”

“తల ఇక్కడే ఉంది కదా?”

“ఉన్నాను కదే, కనపట్టం లేదూ?”

“వచ్చే ఏటి తల?”

ఫలేహౌ పెద్ద దోమని చంపుకుంటూ చెయ్యెత్తాడు.

“ఆ పై ఏటి తల?”

అతులోవా పెద్ద కూడా చెయ్యెత్తాడు. సభ్యుల్లో ఒకరిద్దరు అప్పటికే ముసిముసిగా నవ్వుతున్నారు.

“మరింకేం. వచ్చే ఏడడగండి, ఆ పై ఏడడగండి అనడానికి ఇవాళ వీల్లేదు. మూడేళ్ళూ ఒక్క చెట్టు కిందే కూర్చున్నాయి. మా చాప సంగతి చెప్పండి.”

“ఇదేం బేరమే! ఇంట్లో మాట్లాడుకుందాం,” అన్నాడు బావ.

“ఇంట్లో నువ్వు మొగుడివి. నాక్కావలసింది ఉలు.”

లంక అంచు చెట్ల లోంచి అప్పుడే దోమల దండు బయల్దేరింది. పక్షుల లంక దోమలంటే మాటలు కాదు. ప్రభుత్వమంతా తొడల మీదా మెడల మీదా తాళం వేస్తోంది. ఫలేహౌ పెద్ద బాగా లావు మనిషి. దోమలకి ఆయనే పెద్ద విందు. ఆయనకే ముందు ఓపిక పోయింది.

“ఇచ్చెయ్యవయ్యా లీనో, చాపే కదా!”

“చాప ఒక్కటే కాదు,” అంది అక్క. “చాప మీద మేముంటాం. మా నోళ్ళు కూడా మాతోనే వస్తాయి.”

“నోళ్ళా?” అన్నాడు అతులోవా పెద్ద.

“అవి లేకుండా ఇవాళ ఓడ సరుకు దిగేదా? పంటు మీ దగ్గరుంది, మా దగ్గర నోళ్ళే ఉన్నాయి. ఆ కెప్టెనుని అడుగు!”

ఓడ వచ్చి వెళ్ళిందని వాళ్ళకప్పుడే తెలిసింది. ఒక్కసారిగా అందరూ లేచారు. బియ్యం దిగిందా? టిన్నులు? డీజిలు? అన్నీ దిగాయని, ఒక్క బియ్యం బస్తా కూడా తడవకుండా దింపామని చెప్పాం. బావ మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మా అక్క మొహం కేసి చూశాడు. తరవాత పెదాలు వణికాయి. ఏడుస్తాడేమోననుకున్నాను. నవ్వాడు. ఆ మనిషి అంత గట్టిగా నవ్వగలడని మాకెవరికీ తెలియదు.

“ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి!” అన్నాడు.

దోమల్ని కొట్టుకోవడం ఆపి అందరూ చేతులెత్తారు. మా పడవలోంచి కూడా ఒక చెయ్యి లేచింది.

“నీకు ఓటు లేదు పెలెనీ, దించు,” అంది అక్క.

“మన్నించుడు,” అని దించేశాడు. వెంటనే బావ చూపు ఆయన మీద పడింది. తడిసిన పంట్లాము బదులు పంచెలా చుట్టుకున్న లావాలావా, వంటి నిండా పిండి, ఎర్రగా కాలిన ముక్కు.

“ఈ పాలగీ ఎవరు?” తెల్లవాళ్ళని మేం అలాగే అంటాం.

“వెల్లింగ్టన్ నుంచి వచ్చాడు. మీ పరిపాలన చూడ్డానికి.”

బావ గబగబా టోపీ తీసి, దాని మీది పక్షి రెట్టని వెనక్కి దాచుకుని, ఎంతో హుందాగా చెయ్యి చాచాడు. పెలెనీ పడవలోంచి వంగి ఆ చెయ్యి అందుకోబోయాడు. పడవ జరిగింది. ఇద్దరూ కలిసి మడుగులో పడ్డారు. మా రాజకీయ సంబంధాలు అలా మొదలయ్యాయి.

డీజిలు పోశారు, పంటు దగ్గింది, తుమ్మింది, కదిలింది. కుర్రాళ్ళు లంక చుట్టూ పట్టిన చేపలు పంటు అడుగునిండా ఉన్నాయి. ఒడ్డుకి రాగానే ఎప్పట్లాగే అన్నీ నేల మీద పరిచి ఇంటింటికీ వాటాలు వేశారు. వాటాలు వేసే పెద్దాయన ఒక చిన్న కుప్ప విడిగా పెట్టి, “పెలెనీ ఇల్లు!” అని కేక వేశాడు. ఆ కుర్రాడు రెండు చేపలు రెండు చేతుల్లో పట్టుకుని, ఎటు పోవాలో తెలియక, మా అక్క వెనకాలే వాళ్ళింటికి వచ్చేశాడు.

తరవాత ఆట. చెక్కపెట్టె వాయించే ముసలాయన మొదట నెమ్మదిగా మొదలెట్టాడు. మా ఆటకి అదే పద్ధతి. అదే పాట, ప్రతిసారీ వేగం పెరుగుతుంది. తట్టుకోలేక ఎవరో ఒకరు కూలబడేదాకా పెరుగుతుంది. ఫలేహౌ పెద్ద కూలబడ్డాడు, మా ఆయన కూలబడ్డాడు. పెలెనీ కూలబడి, లేచి, మళ్ళీ కూలబడ్డాడు. మాతివా అక్కా లీనో బావా మాత్రం ఎదురెదురుగా నిలబడి, ఒకళ్ళకొకళ్ళు లొంగకుండా, చెమటలు కక్కుతూ ఆడుతూనే ఉన్నారు. పెట్టె వాయించే ఆయన చేతులు నొప్పెట్టి ఆపేశాడు గానీ వాళ్ళు ఆపలేదు.

మరుసటి ఏడు ఫలేహౌ సభలో లోపల, కుడివైపు, కొత్త మొగలి చాప వేశారు. మేం ఆరుగురం కూర్చున్నాం. బయట వంటలు చేస్తున్న మగపిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. కొత్త ఉలు, ఆ లావు పెద్దాయన, మా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు.

“ఆడవాళ్ళ తరఫున ఏమన్నా చెప్పేదుందా అమ్మా?”

మాతివా అక్క లేచి నిలబడింది.

“ఉందయ్యా,” అంది. “రెండు రోజులు పడుతుంది. దాహం వేస్తే ఇప్పుడే తాగి రండి.”