ఏడో నంబర్ లేవడం లేదు

సెకండాఫ్‌కి మైకు ఆమె చేతికొచ్చేసరికి వాన దంచి కొడుతోంది.

"ఇరవై నిమిషాలు," రేడియో స్టూడియోలో ఉన్న ప్రొడ్యూసర్ గొంతు హెడ్‌ఫోన్స్‌లో గరగరలాడింది. "బావుందనిపిస్తే వచ్చే ఆదివారం నుంచి ఆ కామెంటరీ కుర్చీ నీది. ఒకటే షరతు. తప్పు చెప్పానని మాత్రం మైకులో ఒప్పుకోకు. ఒక్కసారి ఒప్పుకున్నావా, తర్వాత నువ్వు నిజం చెప్పినా జనం నమ్మరు."

"అలాగే సార్."

ఆమెకి ముప్ఫై నాలుగేళ్లు. వారానికి ఆరు రోజులు బస్‌స్టాండ్‌లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఉద్యోగం. ఎనిమిదేళ్ల వయసులో మేడమెట్ల మీద కూర్చుని, గరిటె నోటిముందు పెట్టుకుని, అన్నయ్యవాళ్ల వీధి ఫుట్‌బాల్‌కి కామెంటరీ చెప్పేది. "నువ్వు నోరు మూస్తే గోల్ కొడతానే!" అని కిందనుంచి అరిచేవాడు వాడు. ఆమె మూయలేదు. వాడు కొట్టనూ లేదు.

పక్క కుర్చీలో పెద్దాయన మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ స్టేడియం కామెంటరీ ఆయనదే. ఇక ఎనభై మెట్లెక్కడం తన వల్ల కాదని చెప్పేశాడు.

"పేరు తప్పు పలికితే కంగారు పడకమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా. "సరైనవాడికి పాస్ ఇచ్చినట్టు చెప్పెయ్. వినేవాళ్లు వచ్చి చూస్తారా ఏంటి?"

మూడో నిమిషంలోనే అవసరం పడింది. బంతి జింక అనే ఆటగాడి దగ్గరుందంది. తీరా చూస్తే మేకు దగ్గరుంది. రెండూ అభిమానులు పెట్టిన ముద్దుపేర్లే. ఒకే జట్టులో జింక ఏడో నంబర్, మేకు పదిహేడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే గుండు. బురదలో ఆ ఒకటి కనిపించి చావదు.

"జింక... మేకుకి చక్కటి పాస్!"

పెద్దాయన బొటనవేలు పైకెత్తాడు.

పన్నెండో నిమిషం. ఎత్తుగా వచ్చిన బంతి కోసం ఒకడు ఎగిరాడు. ఎదురుగా గోల్‌కీపర్ దూకాడు. ఎగిరినవాడు తలకిందులుగా పడ్డాడు. పడినచోటే ఉండిపోయాడు.

"జింక పడిపోయాడు! ఏడో నంబర్ లేవడం లేదు. డాక్టర్ పరుగెత్తుతున్నాడు... స్ట్రెచర్ పిలుస్తున్నారు..."

అప్పుడు కనిపించాడు జింక. అవతలి గీత దగ్గర, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

ఆమె చటుక్కున ముందుకు వంగింది. బైనాక్యులర్స్ కళ్లకి గట్టిగా నొక్కుకుంది. డాక్టర్ పడినవాడి వీపు మీద బురద తుడుస్తున్నాడు. ఏడు. దాని పక్కన ఒకటి.

పెద్దాయన కూడా చూశాడు. మైకుని అరచేత్తో మూశాడు.

"జింక లేచి నడుస్తున్నాడని చెప్పు. గొడవ వదిలిపోతుంది."

"మరి స్ట్రెచర్ మీద ఉన్నవాడు?"

"వాడి సంగతి రేపు పేపర్లో వస్తుంది."

ఆమె నోరు తెరిచింది. ఆ అబద్ధం నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఎంత తేలిక! నాలుగు మాటలు చాలు. కానీ ఈపాటికి జింక ఇంట్లో ఎవరో రేడియో పక్కన కూలబడి ఉంటారు. మేకు ఇంట్లో ఎవరో, పోన్లే మనవాడు కాదు అనుకుని ఊపిరి పీల్చుకుని ఉంటారు.

ఆయన చెయ్యి తోసేసింది.

"పడింది జింక కాదు. నేను తప్పు చెప్పాను. జింక బాగానే ఉన్నాడు. స్ట్రెచర్ మీద ఉన్నది పదిహేడో నంబర్, మేకు. కళ్లు తెరిచాడు. ఇప్పుడే కుడిచెయ్యి కదిపాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు."

హెడ్‌ఫోన్స్‌లో ప్రొడ్యూసర్ గొంతు కటువుగా పలికింది. "మైకు పెద్దాయనకి ఇచ్చెయ్."

ఇచ్చేసింది. అయిపోయింది. రేపు పొద్దున మళ్లీ ప్లాట్‌ఫారమ్ నంబర్ నాలుగు.

పెద్దాయన మైకుని ఒకసారి తేరిపార చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"శ్రోతలారా, ఫస్టాఫ్‌లో గోల్ కొట్టింది తొమ్మిదో నంబర్ అని చెప్పాను. కొట్టింది నాలుగో నంబర్. అప్పుడే తెలుసు నాకు. పాపం ఆ కుర్రాడి పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు."

మైకుని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"ఇద్దరూ కలిసి నా కొంప ముంచారు!" ప్రొడ్యూసర్ కేక పెట్టాడు. వెనక ఫోన్లు మోగుతున్నాయి. "జింక వాళ్లమ్మ తిడుతోంది. నిన్నే. ఇంకో లైన్లో మేకు పెళ్లాం. అతన్ని ఏ గేటు నుంచి తీసుకెళ్తున్నారో అడుగుతోంది. నీ మాటే నమ్ముకుని తనూ బయల్దేరిందట."

"తూర్పు గేటు సార్."

"నాకెందుకు చెప్తావ్? ఆమెకి చెప్పు, మైకులో! వచ్చే ఆదివారం గంట ముందు రా. రెండు జట్ల మొహాలూ బట్టీపట్టి రా. మాట్లాడు, తల్లీ, మాట్లాడు!"

కింద రిఫరీ విజిల్ ఊదాడు. తడి అరచేతులు చీరకి తుడుచుకుని ఆమె మైకు మీదికి వంగింది.

"అంబులెన్స్ తూర్పు గేటు దాటుతోంది..."