నాలుగు వేళ్ల జాగా

మీ ఇంట్లో నీళ్ల డ్రమ్ము నింపేటప్పుడు పైన ఎన్ని వేళ్ల జాగా వదులుతారు? తడుముకోకుండా చెప్పండి. వదలరు కదా. నల్లా గంటసేపు వచ్చే ముంబైలో అంచుదాకా నింపి, ఆ పైన చెంబులూ గ్లాసులూ కూడా పట్టుకుని గానీ మూత పెట్టం. కామాఠిపురలో ఒక మూడంతస్తుల చాళ్ ఉంది, అన్నీ ఖోలీలే, ఒంటి గది ఇళ్లు. అందులో పై అంతస్తు చివరి ఖోలీ లక్ష్మవ్వది. ఆమె డ్రమ్ముకు మాత్రం ఎప్పుడూ నాలుగు వేళ్లు వదిలేవాళ్లు. అమావాస్యకూ పున్నానికీ ఆరు వేళ్లు. ఆ జాగా సముద్రానిది.

లక్ష్మవ్వ డ్రమ్ములో రోజుకు రెండుసార్లు పోటు వచ్చేది, రెండుసార్లు ఆటు వచ్చేది. ఎవరూ పోయక్కర్లేదు, ఎవరూ తోడక్కర్లేదు. నీళ్లు వాటంతట అవి పైకి లేచి, కాసేపు నిలబడి, మళ్లీ దిగిపోయేవి. ఆ వరండాలో ఎనిమిది ఖోలీలు. నడుంనొప్పి ఉన్నవాళ్లు పోటు మీదున్నప్పుడు వచ్చి చెంబు ముంచుకునేవాళ్లు, వంగే పని లేకుండా. ఆటు వేళకు పిల్లల్ని పంపేవాళ్లు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకున్నది లేదు. ఇంటి ముందు కాకి అరుస్తుంది, డ్రమ్ములో పోటు వస్తుంది.

ఒక్కసారి మాత్రం లక్ష్మవ్వ దిగులు పడింది. పాత ఇనుప డ్రమ్ము తుప్పుపట్టి, నాగ్‌పాడా బజార్ నుంచి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చినప్పుడు. ప్లాస్టిక్‌లోకి సముద్రం వస్తుందో రాదో అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు వచ్చింది. పాత డ్రమ్ములో ఉన్న గీతల్నే కొత్తదాని లోపల మేకుతో మళ్లీ గీసింది. కింది గీత అష్టమిది, పై గీత అమావాస్య, పున్నాలది. నలభయ్యేళ్లు తట్టలు మోసి ఈ ఊరి మేడలు లేపిన మనిషి. గీత తప్పితే గోడ తప్పుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ గీతల్ని కాగితం మీదికి ఎక్కించింది మనవరాలు రుతుజ. మున్సిపల్ స్కూల్లో తెలుగు మీడియం, తొమ్మిదో తరగతి. క్లాసులో పదకొండుమంది. దాదర్‌లో తెలుగువాళ్లు పెట్టే వక్తృత్వ పోటీల్లో రెండుసార్లు కప్పు కొట్టింది. సైన్సు చెప్పే మహేష్ సార్‌కు డ్రమ్ము సంగతి చెబితే ఆయన అన్నది ఒకటే. "వస్తుందని రాస్తే మార్కు వెయ్యను. ఎప్పుడు వస్తుందో రోజూ రాయి, ఎందుకు వస్తుందో అప్పుడు అడుగుతా."

ఏడాదిపాటు రాసింది. పోటు రోజురోజుకూ ముప్పావు గంటో ఇంకొంచెమో ఆలస్యంగా వస్తోందని మొదటి వారంలోనే పట్టుకుంది. చంద్రుడు కూడా రోజూ అంతే ఆలస్యంగా పొడుస్తాడని రెండో వారంలో పట్టుకుంది. అమావాస్యల నాడు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో నీళ్లు పై గీతను ముద్దాడేవి. పన్నెండు అమావాస్యలూ అంతే.

మే నెలలో పాలమూరు నుంచి రుతుజ మేనమామ లచ్చయ్య వచ్చాడు. వర్లిలో ఒక టవర్‌కు పునాది గుంత తవ్వుతున్నారు, అక్కడ ఇనుపచువ్వలు కట్టే పని. వచ్చిన మర్నాడే, చోటిచ్చిన లక్ష్మవ్వకు ఉపకారం చేద్దామని, తెల్లారకముందే లేచి డ్రమ్మును అంచుదాకా నింపి పెట్టాడు. ఎనిమిదింటికల్లా అది పొంగి, నేలబండల సందుల్లోంచి కింది ఖోలీలో ఆరబెట్టిన రత్నాబాయి పాపడ్ల మీద పడింది.

"ఏ లక్ష్మవ్వా, తుమ్‌చా సముద్ర ఖాలీ ఆలా" అని కింద నుంచి కేక. మీ సముద్రం కిందికొచ్చిందని.

"కొత్తోడమ్మా, సముద్రం జూడలే" అని పై నుంచి జవాబు. రెండు రోజుల్లో పాపడ్ల గొడవ చల్లారింది. లచ్చయ్య నాలుగు వేళ్లు నేర్చుకున్నాడు. కానీ అవి ఎందుకు వదలాలో నేర్చుకోలేదు.

ఆషాఢ అమావాస్య ఆదివారం వచ్చింది. మూడు రోజుల నుంచి వాన తెరిపి లేదు. రుతుజ ఆ పొద్దున నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మామా, ఇయ్యాల గుంతల దిగకు. అమావాస్య. పెద్ద పోటు. వాన గూడ ఉంది."

లచ్చయ్య టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ నవ్వాడు. "కోడలా, అమావాస్య నాడు చంద్రుడే లేడు. మరి గుంజేదెవరు?"

"సూర్యచంద్రులు భూమితో ఒకే సరళరేఖలో ఉండుట వలన వాటి ఆకర్షణ బలములు కలిసి..."

"అగో, కప్పు కోసం చెప్తున్నవా నాకు చెప్తున్నవా?"

"నీకే."

"నాకైతే నా తీరుగ జెప్పు. పొద్దుమూకినంక జెప్పు. ఇంకో వారం దాకా ఆదివారం సెలవు లేదు మాకు, ఇయ్యాల దిగకుంటే ముకద్దం ఇంకొకన్ని పెట్టుకుంటడు." ఆమె తలమీద చెయ్యి పెట్టి, పక్కకు జరిపి, రబ్బరు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

కప్పులు గెలిచిన నోరు ఒక్క ప్రశ్నకు ఓడిపోయింది. లేనివాడు ఎట్లా గుంజుతాడు? జవాబు ఆమెకు వచ్చు. అది ఆయనకు అందేటట్టు చెప్పడమే రాలేదు.

పదయింది. లక్ష్మవ్వ బియ్యం కడగడానికి డ్రమ్ము మూత తీసి, అలాగే నిలబడిపోయింది.

"రుతుజా, గడియారం తప్పు నడుస్తుందా?"

రుతుజ వచ్చి తొంగిచూసింది. పన్నెండున్నరకు చేరాల్సిన పై గీత నీళ్ల కింద మునిగి ఉంది. గీత పైన రెండు వేళ్లు. వాళ్లు చూస్తుండగానే ఇంకో వేలు. ఆరు వేళ్ల జాగా అయిపోయి నీళ్లు అంచును తాకాయి, ఒక క్షణం గుబ్బలా నిలబడ్డాయి, చప్పుడు లేకుండా పొర్లాయి. కింది ఖోలీలో రత్నాబాయి మరాఠీవాళ్ల దీపాల అమావాస్య కోసం ఇత్తడి కుందులు తోముకుంటోంది. ఈసారి ఆమె కేక వెయ్యలేదు. తడిసిన చేతులతోనే మెట్లెక్కి పైకి వచ్చింది.

"గిట్ల ఒక్కసారే అయింది" అంది లక్ష్మవ్వ. "ఊరంతా మునిగిన జులైల. గప్పుడు గూడ ముందుగాల డ్రమ్మే పొర్లింది. మనం బండ తుడుసుకుంట కూసున్నం."

రుతుజకు గుంత కళ్లముందు కనపడింది. ఒక్కసారి మామకు అన్నం ఇవ్వడానికి పోయి చూసింది. రెండంతస్తుల లోతు, ఒకటే నిచ్చెన. అందులో ఊరే నీళ్లన్నీ ఒక లావు పైపులోంచి మోరీలోకి, మోరీలోంచి సముద్రంలోకి పోతాయి. సముద్రం మోరీ నోటికంటే పైకి లేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? వెనక్కే రావాలి. దానికి వాన తోడు. ఇది పరీక్షలో పది మార్కుల ప్రశ్న కాదు. లచ్చయ్య తల కంటే ఆ పైపు నోరు ఎత్తులో ఉంది.

ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. పనిలోకి దిగేవాళ్ల ఫోన్లన్నీ పైన వాచ్‌మన్ దగ్గర ఒక సంచిలో వేలాడుతుంటాయి.

"శ్రీనివాస్‌కు చెయ్యి" అంది రత్నాబాయి. అక్కడ కూలీల్ని నడిపించే ముకద్దం శ్రీనివాస్ చిన్నప్పుడు ఈ చాళ్‌లోనే, ఆమె పక్క ఖోలీలోనే పెరిగాడు. నంబర్ ఆమె నోటికే వచ్చు.

శ్రీనివాస్ ఎత్తాడు. వెనక వానచప్పుడు, మిషిన్ల చప్పుడు. "ఏంది? జల్దీ చెప్పు, కాంక్రీటు బండి గేటు కాడ నిలబడ్డది."

ఈసారి రుతుజ సరళరేఖ ఎత్తలేదు. "అన్నా, నేను లక్ష్మవ్వ మనవరాల్ని. ఇయ్యాల అమావాస్య. పోటు ఇంక రెండున్నర గంటలుంది. డ్రమ్ము ఇప్పుడే..."

"ఏ గీత దాటింది?"

"గీతలు లేవన్నా. అంచే దాటింది. బండల మీద పారుతుంది."

 చిన్నప్పుడు ఆ అంచు దగ్గర పలక పట్టుకుని నిలబడి నీళ్లు లెక్కపెట్టినవాడే శ్రీనివాస్. పై గీత మునగడం అతనూ చూడలేదు. "బండి వాపస్ పోతే ఇంజనీర్ నన్ను..." అన్నాడు. ఆ తర్వాత "చూస్తా" అన్నాడు. లైను పోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

"చూస్తా" అంటే ఏమిటి? చెప్పండి, ఆ మాట మీద ఎవరైనా ఎట్లా కూర్చోగలరు? రుతుజ చెప్పులేసుకుంది. గల్లీలో మోకాళ్లదాకా నీళ్లు నిండాయి, బస్సులు ఆగిపోయాయి. రత్నాబాయి ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. లక్ష్మవ్వ బియ్యం గిన్నె పక్కన పెట్టి డ్రమ్ము దగ్గర పీట వేసుకుంది. ముగ్గురూ నీళ్లను చూస్తూ కూర్చున్నారు. పన్నెండున్నర దాటింది. ఒంటిగంటకు పొర్లడం ఆగింది. రెండింటికి అంచు నుంచి వేలెడు దిగింది. సముద్రం వెళ్లిపోతోంది. తనతో ఎవర్ని తీసుకుపోతోందో అది చెప్పదు.

నాలుగింటికి మెట్ల మీద చప్పుడైంది. చెప్పుల చప్పుడు కాదు, ఒట్టి కాళ్ల చప్పుడు. లచ్చయ్య. జుట్టు నుంచి కాళ్లదాకా బురద.

 లక్ష్మవ్వ పొయ్యి మీద చాయ్ పెట్టింది. మనిషిని చూశాక ఆమె చేసిన మొదటి పని అదే. రత్నాబాయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. రుతుజ మాత్రం, ఉక్రోషం పట్టలేక, నోటుబుక్కుతో మామ భుజం మీద ఒకటేసింది.

"కొట్టు కోడలా, కొట్టు" అన్నాడు లచ్చయ్య. కూర్చున్నాక మెల్లగా చెప్పాడు. "శ్రీనివాసన్న సీటీ ఊదిండు. అందరు పైకి రండ్రి అన్నడు. ఎందుకే అంటే, మా చాళ్ల డ్రమ్ము పొర్లింది అన్నడు. ఇంకేమడుగుతం, ఎక్కినం. పద్నాలుగు మందిమి. నేనే ఆఖరు. సగం నిచ్చెన మీదున్న, ఒక చెప్పు జారి కింద పడ్డది. దిగి తెచ్చుకుందామని చూసిన. పైపుల నుంచి బయటికి పోవాల్సిన నీళ్లు లోపలికి వస్తున్నయి, ఉల్టా. ఆ చెప్పు ఇడిసిపెట్టి, రెండోది గూడ ఇడిసి ఎక్కిన. పావుగంట గాలే, గుంత లేదు. చెరువే ఉంది."

"బండి వాపస్ పోయిందా?" అని అడిగింది రుతుజ.

"ఇంజనీరే పంపిండు. గుంతల నీళ్లు జూసి శ్రీనివాసన్న చెయ్యి పట్టుకుని ఇడువలే."

చీకటి పడకముందే రత్నాబాయి తోమిన కుందుల్ని పీట మీద పేర్చి వెలిగించింది, పైవాళ్లను కూడా పిలిచింది. లచ్చయ్య దీపాల ముందు కూర్చుని, పొద్దుటి ప్రశ్నే మళ్లీ అడిగాడు. ఈసారి నవ్వలేదు. "లేనోడు ఎట్ల గుంజిండు?"

రుతుజ పొయ్యి పక్క నుంచి ఒక నిమ్మకాయ తెచ్చింది. పెద్ద దీపానికీ మామ ముక్కుకూ మధ్య పట్టుకుంది. "దీపం సూర్యుడు. నిమ్మకాయ చంద్రుడు. నువ్వు భూమివి. నిమ్మకాయ మీద వెలుతురు ఏ దిక్కుంది?"

"దీపం దిక్కు."

"నీ దిక్కు?"

"చీకటి." లచ్చయ్య తల వంచి నిమ్మకాయ అవతలి పక్క చూశాడు. "అంటే ఉన్నడు. మన దిక్కు వీపు పెట్టి కూసున్నడు."

"వీపు పెట్టినా గుంజుతనే ఉంటడు. వెనక సూర్యుడు గూడ అదే దిక్కు గుంజుతడు."

"ఇద్దరు ఒక్క తాడు పట్టినట్టు." అష్టమికి ఎట్లా ఉంటుందో నిమ్మకాయను ఆయనే పక్కకు జరిపి చూసుకున్నాడు. "గిట్లయితే ఒకడు ఇటు, ఒకడు అటు. బలం పంచుకపోతది. అందుకే చిన్న గీత." తర్వాత కోడలి వంక తిరిగి అన్నాడు. "పొద్దున గీ నిమ్మకాయ పట్టుకొస్తే ఏం పోయేది నీకు?"

మర్నాడు పొద్దున ఆటులో నీళ్లు బాగా దిగాక లక్ష్మవ్వ డ్రమ్ములోకి చెంబు ముంచితే, ఏదో తగిలింది. తీసి చూస్తే రబ్బరు చెప్పు. లచ్చయ్యది, కుడికాలిది.

"తాగే నీళ్లల్ల చెప్పు" అంది లక్ష్మవ్వ, దాన్ని గుమ్మం బయట పడేస్తూ. లచ్చయ్య చేత డ్రమ్మంతా చింతపండు పెట్టి తోమించింది. తోమడం అయ్యాక అతను లోపలికి వంగి, రెండు గీతల పైన, అంచుకు ఆనించి, మేకుతో మూడో గీత గీశాడు. నల్లా వచ్చింది. నీళ్లు నింపి, పైన ఎన్ని వేళ్లు వదలాలో కోడల్ని అడిగాడు.

మీరూ ఆ పని చెయ్యండి. రేపు నల్లా వచ్చినప్పుడు మీ డ్రమ్ముకు నాలుగు వేళ్లు వదలండి. లోపల మేకుతో ఒక గీత గీసి, పక్కన గోడ మీద తిథి, వేళ రాయండి. పోటు రాకపోతే పోనీ. కానీ మీ ఇంట్లో ఒక పిల్ల నోటుబుక్కు పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడితే, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా చెప్పులు వేసుకోకండి.