సన్నటి మనిషి, వెడల్పాటి సీటు

నేను ఒక సైకిలు సీటును. పాలక్యాన్లు తగిలించుకుని వీధుల వెంట తిరిగే సైకిలుది కాదు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, బొటనవేలంత సన్నటి టైర్లు ఉండే రేసు సైకిలుది. నాకు స్ప్రింగులు లేవు. వెనక కాస్త వెడల్పు, ముందు కోసుగా ఒక ముక్కు, మధ్యలో నిలువునా ఒక పొడుగాటి ఖాళీ. నన్ను మొదటిసారి చూసినవాళ్ళంతా దీని మీద మనిషెలా కూర్చుంటాడని అడుగుతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

పుట్టింది పంజాబులో ఒక కర్మాగారంలో. అచ్చులో పోసి ఒళ్ళు చేశారు, దాని మీద వేలెడు మందం కూడా లేని ఫోము అతికించారు, పైన నల్లటి తొడుగు వేశారు, అడుగున రెండు ఉక్కు ఊచలు దిగ్గొట్టారు. తొడుగు కుట్టిన మనిషి ఆ పూట ఇంటి సంగతి ఏదో తలచుకుంటూ ఉండాలి, నా వెనక కుట్టు పావంగుళం పక్కకు జరిగిపోయింది. తనిఖీ చేసే ఆమె ఆ వంకరను వేలితో తడిమి నన్ను వేరే పెట్టెలో పడేసింది. మనుషులకు వంకర కనిపించిందంటే చాలు, ఇక బలం గురించి అడగరు. నా అడుగున 155 అని ముద్ర ఉంది. అది మిల్లీమీటర్లలో నా వెడల్పు. ఆ అంకె చదివే తీరిక కూడా చాలామందికి ఉండదు.

ఆ పెట్టె విశాఖపట్నంలో రహమతుల్లా సైకిళ్ళ దుకాణానికి చేరింది. ఆయన, ఆయన భార్య నజీమా ఇద్దరూ కలిసి నడిపే కొట్టు అది. వంకర కుట్టు సీటును అమ్మకానికి పెట్టడం రహమతుల్లాకు నచ్చలేదు. తోకకు పసుపు టేపు చుట్టి, మరో మూడు సీట్లతో పాటు గోడకు తగిలించాడు. మేం నలుగురం వాడి చూసే సీట్లం. ఎవరైనా తీసుకెళ్ళి వారం రోజులు తొక్కి, నప్పితే అలాంటిదే కొత్తది కొనుక్కోవచ్చు.

ఏడాదిన్నరలో ఎందరి కిందో నలిగాను. సీటు ఎంచుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు చేసే పని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడడం. కూర్చునేది బొటనవేలి మీద కాదు కదా. మెత్తగా లోపలికి దిగితే మొహం విప్పారేది, నాలా దిగకపోతే ముడుచుకునేది. ఒక దంతవైద్యుడు నన్ను రెండు రోజుల్లో వెనక్కి తెచ్చాడు. ఒక లెక్చరరు నలుగురినీ వంతులవారీగా తీసుకెళ్ళి, ఎవరి గుణదోషాలు ఏమిటో ఎనిమిది పేజీలు రాసుకుని, చివరకు తన సైకిలు రంగుకు నప్పిన ఎర్ర సీటు కొన్నాడు. నన్ను తిట్టినవాళ్ళే ఎక్కువ. నాకు నప్పే మనిషి ఈ భూమ్మీద ఉన్నారో లేరో అనుకుంటూ గోడకు వేలాడేవాణ్ణి.

అప్పుడు వచ్చింది పైడితల్లి.

ఆమె పోలీసు కానిస్టేబులు. సొంతూరు గజపతినగరం దగ్గర. ఇరవై ఆరేళ్ళు, పొడగరి, వెదురుకర్రలా సన్నటి మనిషి. నాలుగేళ్ళ నుంచి పోలీసుల సైకిలు పందాల్లో తొక్కుతోంది. రాష్ట్రం జట్టులోకి నలుగురిని తీసుకుంటారు; కిందటేడు ఆమె ఐదోది. గెలుస్తుందని అందరూ అనుకున్న పందెంలో చివరి పది కిలోమీటర్లూ సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కి, ఊపిరి అందక వెనకబడింది. ఈ ఏడు మళ్ళీ ఎంపిక జరుగుతోంది. ఆమెకు తర్ఫీదు ఇచ్చే గురునాథం మాస్టారు హెడ్ కానిస్టేబులు, ఒకప్పుడు పేరున్న సైక్లిస్టు. ఒంట్లో బలం చాలలేదు, గుడ్లు తిను అని చెప్పారట ఆమెకు.

ఆమె కొట్లోకి వచ్చి సీటు మార్చాలని మాత్రమే అంది, కారణం చెప్పలేదు. రహమతుల్లా ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, సన్నటి మనిషికి సన్నటి సీటు అనుకుని, గోడ మీద అందరికన్నా ఇరుకైనదాన్ని తీసిచ్చాడు. ప్రపంచమంతా నమ్మే లెక్కే అది. వారం తిరిగేసరికి ఆమె దాన్ని తిరిగి తెచ్చి, మెత్తటిది కావాలంది. జెల్లు నింపిన మందపాటిది ఇచ్చాడు. అది మరో వారం. మూడోసారి వచ్చి దాన్నీ తిరిగిచ్చినప్పుడు మొహం పీక్కుపోయి ఉంది. దీనికన్నా మెత్తటిది ఉంటే చూడమని అడిగింది.

ఆ రోజు మధ్యాహ్నం నజీమా కొట్లోనే ఉంది. చక్రానికి పుల్లలు బిగిస్తూ ఇదంతా వింది. పైడితల్లికి స్టూలు జరిపి కూర్చోమంది. పర్లేదంది పైడితల్లి. కాసేపయ్యాక మళ్ళీ కూర్చోమంది. మళ్ళీ పర్లేదంది. నజీమా చేతులు తుడుచుకుని లేచి, మా నలుగురినీ గోడ మీంచి తీసి చంకన పెట్టుకుని, పైడితల్లిని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఎక్కడమ్మా నొప్పి?"

"కాళ్ళు అక్కా."

"కాళ్ళు నొప్పెడితే మనిషి కూర్చుంటుంది. నువ్వు వచ్చినకాడి నుంచీ నిలబడే ఉన్నావు."

పైడితల్లి తల వంచుకుంది. తర్వాత మెల్లగా ఒకటొకటే చెప్పింది. రెండేళ్ళ నుంచి ఇలాగే ఉందట. పుండ్లు పడతాయి, మానీమానకముందే మళ్ళీ తొక్కాలి. అరగంట దాటితే ముందు భాగమంతా తిమ్మిరెక్కి, ఉందో లేదో తెలియదు. ప్యాంటు లోపల మెత్తటి గుడ్డలు మడతపెట్టి చూసింది, అవి ఒరుసుకుని ఇంకా పుండ్లయ్యాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అమ్మకు చెబితే పెళ్ళి కావలసినదానివి, ఆ సైకిలు మానెయ్యి అంటుంది. మాస్టారు మగమనిషి, ఆయనకు ఏ నోటితో చెప్పడం?

"సన్నంగా ఉన్నాను కదక్కా, కండ లేదు. అందుకే అనుకున్నాను," అంది చివరకు.

నజీమా కొత్త సైకిలు వచ్చిన అట్టపెట్టె నుంచి ఒక ముక్క చింపి, స్టూలు మీద పరిచి, ఓర్చుకుని ఒక్క నిమిషం దాని మీద ముందుకు వంగి కూర్చోమంది. పైడితల్లి పళ్ళ బిగువున కూర్చుని లేచింది. అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. కూర్చునే ఎముకలవి. నజీమా టేపు పెట్టి ఆ రెండు గుంటల మధ్య కొలిచింది. నూట ముప్పై మిల్లీమీటర్లు. మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది.

"మనిషి సన్నమే గానీ ఎముక సన్నం కాదమ్మా నీది. ఇరుకు సీటు మీద ఈ రెండు ఎముకలకూ చోటు లేక బరువంతా మధ్యన పడుతోంది. మెత్తటిదైతే ఎముకలు దిగిపోతాయి, మధ్యది పైకొచ్చి ఒత్తుతుంది. ఇందులో నీ తప్పేం లేదు."

అప్పుడు మా నలుగురినీ తిరగేసి అంకెలు చదివింది. నా అంకె అంత తీరిగ్గా ఒకరు చదవడం నేను చూడడం అదే మొదటిసారి. పైడితల్లి నన్ను అందుకుని, అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కింది. రాయిలా ఉంది కదక్కా అంది. రాయిలాగే ఉండాలంది నజీమా. ఆపైన రెండు షరతులు పెట్టింది. రేపే డాక్టరమ్మకు చూపించాలి, ఆమె సరేననేదాకా సైకిలెక్కకూడదు. ఎంపికకు ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయని పైడితల్లి గొణిగింది. పుండు మీద ఏ సీటు పెట్టినా ఒక్కటేనంది నజీమా.

డాక్టరమ్మ వారం రోజులు ఆపమంది. ఆ వారమూ పైడితల్లి నన్ను బిగించిన సైకిలును గది గోడకు ఆనించి, రోజూ దానికేసి చూసుకుంటూ కూర్చునేది, అది కూడా దిండు వేసుకుని. ఎనిమిదో రోజు తెల్లవారాక కొట్టు దగ్గరికి వచ్చింది. నజీమా తాపీమేస్త్రీలు వాడే రసమట్టం నా మీద పెట్టి, ముక్కు పైకి లేవకుండా సమంగా బిగించి, ఎత్తు ఒక వేలు తగ్గించింది.

మొదటి రోజు ఆమెకు నేను నచ్చలేదు. రెండో రోజు బీచి రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు తొక్కి దిగి, నన్ను విప్పేయాలనుకుంది. రెంచీ లేక ఆగింది. మూడో రోజు ఇరవై, నాలుగో రోజు ముప్పై. ఐదో రోజు భీమిలి దాటాక ఒక సంగతి గమనించాను. ఎప్పుడూ నా మీద అటూ ఇటూ కదులుతూ, ఎక్కడ పడితే నొప్పి తగ్గుతుందా అని వెతుక్కునే బరువు కుదురుగా నిలిచింది. రెండు ఎముకలూ నా రెండు పక్కలా, ఉండాల్సిన చోట ఉన్నాయి. ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ కాసేపూ నేను ఆమెకు గుర్తు లేను. సీటు పుట్టుకకు అంతకన్నా కావలసింది ఏముంటుంది?

అయితే గురునాథం మాస్టారు మిగిలారు. వారం రోజులు ఆమె రాలేదన్న కోపంతోనే ఉన్న మనిషి, మైదానంలో సైకిళ్ళు వరసలో నిలబెట్టినప్పుడు నన్ను చూశారు. పక్కన మరో ఐదుగురు సైక్లిస్టులు ఉన్నారు, అందులో ముగ్గురు మగవాళ్ళు.

"ఏటిది పైడీ? పందేనికెళ్తన్నావా, అరుగు మీద కూకుందుకెళ్తన్నావా? ఇంత బల్లేటి, ఇంత బరువేటి? తీసీసి పాతది బిగించు," అని రెంచీ ఆమె చేతిలో పెట్టారు.

ఎవరో నవ్వారు. పైడితల్లి రెంచీ పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యి నా మీదే ఉంది. తీసేస్తుందనే అనుకున్నాను. ఏడాదిన్నర అనుభవం నాది. మనుషులు నలుగురిలో నవ్వుల పాలయ్యే కన్నా నొప్పిని భరించడమే మేలనుకుంటారు.

"మాస్టారూ," అంది. గొంతు చిన్నదే, కానీ అందరికీ వినబడింది. "పాతదాని మీద కూకుంటే నాకు పుండ్లు పడతన్నాయి. అరగంట దాటితే తిమ్మిరెక్కి ఒంట్లో స్పర్శ తెలీదు. పోయినేడు ఆకర్ని లేచి తొక్కింది బలం సాలక కాదు. కూకోలేక."

నవ్వినవాళ్ళు తల తిప్పుకున్నారు. మాస్టారు కోప్పడతారేమో, సిగ్గు లేదా అంటారేమోనని అందరూ ఎదురుచూశారు. ఆయన ముందుకొచ్చి ఆమె చేతిలోంచి రెంచీ తీసుకుని, వంగి, నా కింద నట్టు వదులుగా ఉందేమో చూసి, తనే ఇంకో పావు చుట్టు బిగించారు. తర్వాత పద అన్నారు, అంతే.

ఎంపిక పందెం యాభై కిలోమీటర్లు, ఇరవై రెండు మంది. ఎదురుగాలి. నలభై దాటాక ఒక్కొక్కరే లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టారు. పైడితల్లి లేవలేదు. ఒళ్ళు ముందుకు వంచి, నా మీద నాటుకున్నట్టు కూర్చుని, ఒకే ఊపున తొక్కింది. గెలవలేదు. మూడోదిగా వచ్చింది. దిగగానే రోడ్డు పక్క కంకర మీద చతికిలబడి కూర్చుంది. పక్కనున్న అమ్మాయి ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే, కూకున్నాను కదా, అందుకు అంది. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

తర్వాత రహమతుల్లా నాలాంటిదే సరికొత్త సీటు, కుట్టు తిన్నగా ఉన్నది, తీసి ముందు పెట్టాడు. ఆమె వద్దని ఇదే ఉంచుకుంటానంది. ఆయన నా తోకకున్న పసుపు టేపు ఊడదీశాడు. అలా నాకు ఒక మనిషి దొరికింది.

నాలుగేళ్ళు గడిచాయి. ఎన్ని వేల కిలోమీటర్లో లెక్క నాకు తెలియదు. ఫోము అణిగి ఆమె ఎముకల ఆకారం తెచ్చుకున్నాను. తొడుగు అంచుల్లో తెల్లబడింది. కిందటి నెల ఒక ఉదయం తగరపువలస దాటాక ఒక గుంటలో పడి, నా ఎడమ ఊచ పుటుక్కున విరిగింది. దాన్ని అతికించడం కుదరదని నజీమా చెప్పింది. ఇప్పుడు ఆమె కొట్టు వెనక, తుప్పుపట్టిన పెడళ్ళు, తెగిన గొలుసుల మధ్య ఉన్నాను. పైడితల్లి కింద ఇప్పుడు మరో నూట యాభై ఐదు ఉంది. నాకు దాని మీద ఈర్ష్య లేదు. ఉన్నదల్లా ఆ ఉదయం జ్ఞాపకం.

నన్ను విప్పి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సైకిలు నడిపించుకుంటూ ఆమె బయల్దేరింది. అలవాటుగా స్కూటరు మీద వెనక వస్తున్న గురునాథం మాస్టారు ఆగారు. ఆయన ఉద్యోగ విరమణ చేసి ఏడాదయింది, అయినా ఆదివారాలు ఆమె వెంట వస్తారు. ముందు వెళ్ళి ఆటో పంపమంది ఆమె. ఆయన వెళ్ళలేదు. ఇంజను ఆపి, స్కూటరు దిగి, తోసుకుంటూ పక్కనే నడిచారు. కూడలి మూడు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డుకు రెండు వైపులా జీడిమామిడి తోటలు. అలా ఒక కిలోమీటరు వచ్చారు.

ఆయన ముప్పై రెండో ఏట, మంచి ఊపు మీద ఉన్నప్పుడు, పందాలు మానేసిన మనిషి. మోకాలు పోయిందని చెప్పేవారు. పోలీసు మైదానంలో అందరికీ తెలిసిన కథే. ఇక్కడి సైకిలు కుర్రాళ్ళంతా మోకాళ్ళు జాగ్రత్త, గురునాథం మాస్టారికి ఏమైందో చూశారు కదా అనుకుంటారు.

ఆయన ఆమె చేతిలో ఉన్న నాకేసి చూశారు.

"మోకాలు కాదమ్మా," అన్నారు.

పైడితల్లి ఆగలేదు, ఆయన మొహంలోకి చూడలేదు. అడుగు మాత్రం కొంచెం నెమ్మది చేసింది.

"డాక్టరికి సెప్పలేదు. ఇంట్లో మీ పిన్నికి కూడా సెప్పలేదు. ముప్పయ్యేళ్ళు దాటింది. ఆ రోజు మైదానంలో నువ్వు అందరి ముందూ సెప్పీసినప్పుడు, నేను నా వయసంతా ఒక్క మాట సెప్పలేకపోయాను కదా అనిపించింది."

గాలికి జీడాకులు గలగలమన్నాయి. ఆమె నన్ను చంకలో పెట్టుకుని, సైకిలును ఆయన వైపు నుంచి తన అవతలి పక్కకు మార్చుకుంది. ఇప్పుడు ఇద్దరి మధ్యా అడ్డం ఏమీ లేదు.

"ఇప్పుడు సెప్పండి మాస్టారూ," అంది. "నేనింటాను."

కూడలి ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు.