ఎడమ పెడల్

శశికుమార్ సైకిల్ చెడ్డీని మిషన్లో వేయకూడదు. లోపల మెత్త ఉంటుంది, అది పాడైపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, చేత్తో మెల్లగా పిసకాలి, పిండకూడదు, నీడలో ఆరేయాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు ఇంత వివరంగా చెప్పిన సంగతి ఇంకొకటి లేదు. నాకు జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలో ఎప్పుడూ చెప్పలేదు గానీ, చెడ్డీ ఎలా ఉతకాలో మాత్రం నా పక్కన నిలబడి, బకెట్లో వేలు పెట్టి నీళ్ళ వేడి చూసి మరీ చెప్పాడు.

ప్రతి ఆదివారం ఇదే తంతు. చొక్కాకు పట్టిన తెల్లదుమ్ము వేరే ఉతకాలి. మా ఊరి బంగారు గనులు మూసేసి ఇన్నేళ్ళైనా గాలి లేచిందంటే, అప్పట్లో తవ్విపోసిన ఆ దిబ్బల మీది దుమ్ము ఎవరినీ వదలదు. ఆయనా, రాబర్ట్‌సన్‌పేట సైకిల్ గ్రూపువాళ్ళూ తెల్లవారగానే బయల్దేరి నంగలి దాకా తొక్కి వెనక్కి వస్తారు. నంగలి మా పుట్టింటి ఊరు. పండగకో పబ్బానికో నేను బస్సులో నిలబడి వెళ్ళే ఊరికి ఆయన వారం వారం వెళ్ళి, మా అమ్మ చేత గ్రూపంతటికీ మజ్జిగ పోయించుకుని వస్తాడు. వచ్చి సోఫాలో కాళ్ళు చాపి, "మీయమ్మ రాగిముద్దలోకి ఊరిబిండి చేసిపెట్టింది నేత్రా, శానా బాగుండాది. నిన్ను యాల పిల్చుకోని రాలేదని అడిగింది" అంటాడు. నవ్వుతూనే అంటాడు.

ఒకసారి అడిగాను. నంగలిలో హైస్కూలుకు సైకిల్ మీదే వెళ్ళేదాన్నని, ఎదురుగాలిలో మగపిల్లల్ని దాటేసేదాన్నని, మీ పాత సైకిల్ ఇస్తే నేనూ వస్తానని చెప్పాను. తాగుతున్న నీళ్ళు ముక్కులోకి ఎక్కేంతగా నవ్వాడు. "నువ్వొస్తే అందరూ నీకోసం నిలబడాల. స్పీడు పడిపోతాది. ఇది ఫ్యామిలీ టూర్ కాదు." మా అత్త మునివెంకటమ్మ బూదికోట నుంచి వచ్చి ఉంది అప్పుడు. నాలుగావుల పాలు పిండి, డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి, ఆమె కూడా అదే పాట. "కోడలు కాలెత్తి సైకిలెక్కితే ఈదిలో నేను మొగం యాడ పెట్టుకునేది? పొయ్యి మీద ముద్ద ఏమాయనో పోయి చూడు." పోయి చూశాను. అడుగంటింది. దానికీ ఒక మాట పడింది.

తరవాత ఆయనకు కార్బన్‌తో చేసే తేలికపాటి సైకిల్ మీద మనసు పోయింది. రెడీమేడ్ సైకిల్ ఎవరైనా కొంటారు, చైనా నుంచి చవకలో ఫ్రేము తెప్పించి, ఒక్కొక్క భాగం తెచ్చుకుని, నా చేత్తో నేనే నా ఒంటి కొలతకు కట్టుకుంటానని గ్రూపంతటా చాటాడు. నాతో మాత్రం, "నువ్వు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ కదా, కొంచెం చూడు" అన్నాడు. మా ఇంట్లో 'కొంచెం చూడు' అంటే మొత్తం చెయ్యి అని. అమ్మను కొంచెం చూడు, పాప హోంవర్కు కొంచెం చూడు, గ్యాసు కొంచెం చూడు. ఆయన చూసేదల్లా ఫోను.

ఫ్యాక్టరీలోనూ నా బతుకు అంతకంటే ఏం వెలగలేదు. మట్టి తవ్వే పెద్ద పెద్ద యంత్రాల బోల్టులు ఎంత గట్టిగా బిగిశాయో టార్క్ రెంచితో కొలిచి, నేను సరే అంటేనే యంత్రం గేటు దాటుతుంది. ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తే మాత్రం మా మేనేజరు చెన్నరాయప్ప సార్ నన్నే వెతుక్కుంటూ వస్తాడు. "నేత్రావతమ్మా, బొకే ప్లేటు నువ్వు పట్టుకోవాల. లేడీసుంటే బాగుంటాది." యంత్రం గురించి ఆయన మాట్లాడతాడు, నేను పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడతాను. ఫోటోలో నా ముఖం కంటే పూలే పెద్దవిగా పడతాయి.

ఫ్రేముకు కొలత కావాలి. ఆయన్ను గోడకు ఆనించి నిలబెట్టి, పాప అట్లాసు పుస్తకాన్ని తొడల మధ్య పైకి ఆనించి పట్టుకోమని, దాని అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టాను. నేలనుంచి ఆ గీత దాకా టేపు పట్టి కొలుస్తున్నాను. ఆయన ఫోన్లో గ్రూపు లీడరు శ్రీనివాసప్ప గారితో మాట్లాడుతున్నాడు. బ్యాంకులో రిటైరైన పెద్దాయన, నా కంటే బాగా సైకిళ్ళ సంగతి తెలిసిన మనిషి. "అంతా నేనే సార్. కొలతలు, ఆర్డరు, అంతా. ఆమెకేం తెలుసు సార్, స్పానర్ అందిస్తాది అంతే." నేను ఆయన పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. నా తల మీదుగా అన్నాడు ఆ మాట. గొంతు తగ్గించను కూడా లేదు.

ఫోన్ పెట్టేసి, "అయిందా?" అని అడిగి వెళ్ళిపోయాడు. నేను లేచి అదే గోడకు ఆనుకుని నిలబడ్డాను. అదే అట్లాసు, అదే పెన్సిల్. నా గీత ఆయన గీతకు బాగా కిందుగా పడింది. ఆ కొలతకే ఫ్రేము ఆర్డరు పెట్టాను. హ్యాండిల్ కూడా నా భుజాల వెడల్పుదే.

అట్టపెట్టెలో వచ్చింది ఫ్రేము. ఎత్తితే బియ్యం చాటంత బరువు కూడా లేదు. చవక సరుకు కాబట్టి దాన్ని ఊరికే నమ్మలేదు. గొట్టాల లోపల టార్చి వేసి చూశాను, పొడుగునా నాణెంతో తట్టి చప్పుడు విన్నాను, గరుకుగా ఉన్న అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దాను. గేరు తీగలు ఫ్రేము లోపలినుంచి పోవాలి. లంగాలో బొందు ఎక్కించినట్టు దారం కట్టి లాగాను. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన తిని పడుకుంటే, వెనక వసారాలో కూర్చుని చేసిన పని ఇదంతా. మొదట కోపం కొద్దీ చేసిన పనే. పోనుపోను ఎప్పుడు ఆదివారం వస్తుందా అని ఉండేది. నిద్ర లేచాక ఆయన వచ్చి, నా చేతితొడుగులు తగిలించుకుని, స్పానర్ పట్టుకుని ఫోటో తీయించుకునేవాడు. తీసేది నేనే. ఆ ఫోటో గ్రూపులో పడేది, మెచ్చుకోలు బొటనవేళ్ళు వరసగా వచ్చేవి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

సైకిల్ ఎక్కి చూస్తానంటాడేమోనని ఒకటే భయం. ఆ భయం మా అత్తే తీర్చింది. దసరా దగ్గర పడుతుంటే బూదికోట నుంచి ఫోన్ చేసి, "ఆయుధపూజ కాకుండా కొత్త బండి ఎక్కొద్దు నాయనా, కీడు" అని కొడుకుతో ఒట్టు వేయించుకుంది. ఆమె పెట్టిన నియమాల్లో నేను కళ్ళకద్దుకున్నది అదొక్కటే. స్టాండు మీద ఎత్తుగా, పాత దుప్పటి కప్పుకుని ఉన్న సైకిల్ కొలత ఎవరి కంటికి ఆనుతుంది?

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు పైన పొడవాటి పైపు ఉంటుంది. తొక్కేవాళ్ళ కొలత చూసి దాన్ని రంపంతో కోయాలి. కార్బన్ ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాను, ఈ ఊళ్ళో దుమ్ము సంగతి ఎవరికీ చెప్పక్కరలేదు. నా కొలతకు కోశాను. సీటు కింది గొట్టాన్నీ కోశాను. ఆ ముక్కలు ఇప్పటికీ నా టూల్‌బాక్సులో ఉన్నాయి.

ఇంకొక ఆలోచన కూడా వచ్చింది, దాచను. కొలత చాలకపోయినా పరువు కోసం ఆయన ఒకసారి తొక్కినా తొక్కుతాడు. హ్యాండిల్‌ను పట్టే బోల్టుల్లో ఒక్కదాన్ని లెక్కకు మించి బిగిస్తే చాలు. కార్బన్ లోపల చిట్లుతుంది, పైకి గీత కూడా కనబడదు. నంగలి ముందరి దిగుడు రోడ్డు మీద విరిగి తన పని తాను చేస్తుంది. ఒక మధ్యాహ్నమంతా ఆ బోల్టు మీద చెయ్యి పెట్టుకుని ఆ దిగుడునే మనసులో చూస్తూ కూర్చున్నాను. కానీ పడితే కాలో చెయ్యో విరుగుతుంది, అప్పుడు బెడ్‌పాన్ ఎత్తేది ఎవరు? నేనే. "అమ్మను కొంచెం చూడు" పక్కన "నన్ను కొంచెం చూడు" కూడా చేరుతుంది. అదీగాక, నా చేత్తో బిగించిన బోల్టు తప్పుగా ఉండకూడదు. లెక్క సరిపోయిందని టార్క్ రెంచి టక్కుమన్నచోట ఆపేశాను.

ఇంక మిగిలింది పెడల్స్. సైకిల్లో దాదాపు అన్ని మరలూ కుడికి తిప్పితే బిగుస్తాయి. ఎడమ పెడల్ మాత్రం ఎడమకు తిప్పాలి, లేకపోతే తొక్కేకొద్దీ ఊడిపోతుంది. ఒక్కసారి తన చేత్తో బిగించినవాడు దాన్ని మరచిపోడు. ఆయన పాత సైకిల్ పెడల్స్ మార్చింది కూడా నేనే. ఈ కొత్తవి రెంటినీ, పూజయ్యాక బిగించాలని ఆయనతో చెప్పి, దేవుడి గదిలో పెట్టాను. ఆయన ఉద్యోగానికి బెంగుళూరు రైలెక్కి వెళ్ళాక, నా షిఫ్టుకు ముందు, పాత సైకిల్ సీటు దించి దిబ్బల కింది రోడ్డు మీద తొక్కి వచ్చేదాన్ని. తిరిగొచ్చి సీటు మళ్ళీ ఎత్తేసేదాన్ని. ఒక్కనాడూ ఆయనకు అనుమానం రాలేదు. నేను కదిలించిన వస్తువు ఏదీ ఆయన కంట పడదు.

ఆయుధపూజనాడు గ్రూపంతా వచ్చింది. పూజ చేసి అటునుంచి అటే నంగలికి పోవాలని వాళ్ళ ప్లాను. మా అత్త సైకిల్‌కు బంతిపూల దండ వేసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొత్త చొక్కా వేసుకున్న శశికుమార్ దిష్టి గుమ్మడికాయ పగలగొట్టి, ఫోటో కోసం కాలు అటు వేసి సీటు మీద కూర్చున్నాడు.

మోకాళ్ళు మడుచుకుపోయాయి. హ్యాండిల్ తిప్పితే తొడకు తగిలింది. పిల్లల సైకిలెక్కిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇదేమప్పా శశీ, నీ కొలతకు లేదే. సీటన్నా ఎత్తు" అన్నాడు శ్రీనివాసప్ప.

"ఎత్తేకి లేదు సార్. గొట్టం కోసేసుండాది" అన్నాను నేను.

"ఎవురు కోసింది? ఎవురి కొలతకు?"

అందరూ శశికుమార్‌ను చూశారు. తన చేత్తో తానే కట్టానని నెలల తరబడి చెప్పుకున్న మనిషి ఇప్పుడెలా చెబుతాడు, భార్య కట్టిందని? ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో మొదట అర్థం కానితనం, తరవాత అర్థమైన కోపం. అంతలోనే దిగి, నలుగురిలో ఎన్నడూ లేనిది నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "సర్‌ప్రైజ్ సార్! నేత్రకోసమే కట్టినాను. ఆమెకు చెప్పనే లేదు."

చప్పట్లు మోగాయి. అబ్బా, పెళ్ళామంటే ఇంత ప్రేమా అన్నారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా సైకిల్ నాకే దానం చేశాడు. అక్కడితో నోరు మూసుకుంటే సైకిల్ నాకు, పేరు ఆయనకు. ఇన్నేళ్ళూ నేను సరిగ్గా అక్కడే ఆగుతూ వచ్చాను. ఆయన ఈ మాటే అంటాడని కూడా నాకు తెలుసు.

లోపలికి వెళ్ళి, పూల పళ్ళెంలో పెడల్స్, స్పానర్ పెట్టుకుని వచ్చాను. పళ్ళెం పట్టుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది. "నాకోసమే కదండీ కట్టినారు. ఈ రెండూ మీ చేత్తోనే బిగించండి" అన్నాను.

కుడి పెడల్ ఎక్కింది. చప్పట్లు. ఎడమదాన్ని కూడా కుడికే తిప్పాడు. పట్టలేదు. తీసి, తుడిచి, మళ్ళీ కుడికే తిప్పాడు. "చైనా మాలు సార్, మర సరిగా లేదు" అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. అక్కడున్నది సైకిల్ తొక్కేవాళ్ళు, ఆయన చెయ్యి ఎటు తిరుగుతోందో అందరికీ కనబడుతూనే ఉంది. బలంగా నొక్కబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన మీద జాలితో కాదు, నా మర పాడవుతుందని.

ఎడమకు తిప్పాను. వేళ్ళతోనే లోపలికి దిగిపోయింది. స్పానర్ వేసి బిగించాను.

శ్రీనివాసప్ప నా చేతులకేసి చూశాడు, మా ఆయనకేసి చూశాడు. "స్పానర్ అందిస్తాదంటివే శశీ" అన్నాడు, మెల్లగానే. శశికుమార్ బంతిపూల దండను సరిచేయడం మొదలుపెట్టాడు. ఆ పని ఆయనకు అలవాటు లేదు, దండ తెగింది.

నేను కాలెత్తి సైకిలెక్కాను, వీధిలో, మా అత్త ఎదురుగా. "యాడికే?" అంది ఆమె.

"నంగలికి అత్తమ్మా."

ఆమె కొడుకు ముఖం చూసింది. తెగిన దండ చూసి నావైపు తిరిగింది. "చున్నీ చక్రంలో పడతాది. నడుముకు చుట్టుకో."

చుట్టుకున్నాను. "నా స్పీడు పడిపోతే నాకోసం నిలబడొద్దండి సార్" అని శ్రీనివాసప్ప గారికి చెప్పాను. ఇంక శశికుమార్ వైపు చూశాను, అందరికీ వినబడేలా, ఆయన నాకు నేర్పినంత వివరంగా చెప్పాను.

"మీ పాత చెడ్డీ బకెట్లో నానబెట్టినాను. మిషన్లో వేయొద్దు. మెల్లగా పిసకండి, పిండొద్దు, నీడలో ఆరెయ్యండి."

చక్రం కింద నిమ్మకాయ పగిలింది.