పని ఆగిన చోటు

పాల్వంచ ప్లాంటులో ఫోర్‌మన్‌ని నేను. రెండువేల ఆరు ఎండాకాలం మాకు ట్రైనింగ్ పెట్టారు. ఏ పనికైనా ఇరుకు ఒక్కచోటే ఉంటుందట, దాన్ని వదిలేసి మిగతా చోట్ల ఎంత ఉరికినా పని ముందుకు పోదట. ఆ మాట బుర్రకెక్కింది. బుర్రకెక్కితే ఊరుకునే మనిషినా నేను? ఆ లెక్కను తెచ్చి మా బస్తీలో కడుతున్న చర్చి మీద పెట్టాను. వానల్లోపు స్లాబ్ పడకపోతే ఈ ఏడు కూడా కారే రేకుల కిందే ఆరాధన. పనేమో నత్తనడక.

ఆదివారం ఆరాధన అయ్యాక, కట్టుబడి చూసే పెద్దగా లేచి అందరి ముందూ చెప్పాను.

"ఇరుకు ఏడుందో దొరికింది. బొజ్జయ్య మేస్త్రి. మనిషిని మారుద్దాం."

బయట గోడలు తడుపుతున్న బొజ్జయ్య అంతా విన్నాడు. తాపీ సంచిలో వేసుకుని తన అడవి ఊరికి వెళ్లిపోయాడు.

ఇల్లందు నుంచి గోప్యా అనే మేస్త్రిని తెచ్చాను. మర్నాడు షిఫ్ట్ దిగి వచ్చేసరికి ఆ మహానుభావుడు ఇసుక కుప్ప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఒళ్లు మండింది.

"పని చెయ్యనీకి వచ్చినవా, కూసోనీకి వచ్చినవా?"

"సలాకలు కట్టుడు పొద్దుగాలనే అయింది సార్. మీరొచ్చి చూసినంకనే ముందటికి పోవాలన్నరు గద."

ఆ రూలు నాదే. ఎవర్నీ నమ్మక పెట్టుకున్నది. ఇంటికెళ్లి చెప్తే, పనివాళ్లకు రోజూ చాయ్ ఇచ్చే నా భార్య జోజమ్మ బియ్యం ఏరుతూనే అంది.

"బొజ్జయ్య గూడ రోజూ గట్లనే నువ్వొచ్చేదాక కూసున్నడు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తె ఇంటవా నువ్వు?"

సిగ్గుతో అన్నం తినకుండానే లేచాను. తెల్లారి బొజ్జయ్య ఊరికి వెళ్లాను. నన్ను చూసి గబగబా మంచం వాల్చాడు. దానికి ఇంకా సిగ్గేసింది. తప్పు నాదన్నాను, తోలుకొచ్చాను, గోప్యాను తోడిచ్చాను. ఆదివారం అందరి ముందూ ఒప్పుకున్నాను. "ఇగ నన్ను అడుగుడు లేదు, బొజ్జయ్య చెప్పిందే" అన్నాను. చప్పట్లు కొట్టారు. మారిపోయాననుకున్నాను.

స్లాబ్ రోజు మబ్బు పట్టింది. కంకర, సిమెంటు సిద్ధం. కూలీలు వరసగా నిలబడ్డారు. కాంక్రీటు కలిపే మిల్లర్ మాత్రం తిరగట్లేదు.

"ఏంది బొజ్జయ్యా, ఇంకేమైంది?"

"మీరు ఒక్కసారి చూస్తరేమోనని సార్."

కూలీలందరూ నా మొహమే చూస్తున్నారు. నిజం చెప్పొద్దూ, ఎక్కి చూడాలనే ఉంది నాకు. ఛీ అనిపించింది నా మీద నాకే. వెనక్కి తిరిగి, రోడ్డు దాకా నడిచి, చాయ్ బండి చాటున నిలబడ్డాను. అప్పుడు మొదలైంది మిల్లర్ చప్పుడు.